పోయొస్తం అనే మాట

కిందటి వారం మనం వదిలేసేటప్పటికి సుమో మేడ్చల్ చౌరస్తా దాటుతోంది. పైన కారియర్ మీద తాళ్ళతో బిగించి కట్టిన పెట్టెలు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ళ మధ్య పచ్చడి సీసాల సంచిని ఒళ్ళో పెట్టుకుని సుశీల. సాయంత్రం బేగంపేటలో బొంబాయి విమానం ఎక్కాలి. బొంబాయిలో మరో విమానం ఎక్కి సముద్రం దాటితే టాంజానియా. అక్కడ దిగాక మళ్ళీ ఒక పగలంతా బస్సు. ఆ బస్సు చివర ఒక గుజరాతీ సేటు కోళ్ళఫారం, అందులో సుశీల భర్త జనార్ధన్‌కు సూపర్‌వైజరు ఉద్యోగం. రెండేళ్ళకని మాట.

బేగంపేటకు పోయేవాళ్ళెవరైనా కొంపల్లి మీదుగా నేరుగా పోతారు. జనార్ధన్ మాత్రం బండిని ఎడమకు తిప్పించి షామీర్‌పేట రోడ్డు ఎక్కించాడు. ఎందుకని సుశీల అడిగితే, "జర పనున్నది" అన్నాడు.

బండి తోలుతున్నది సుశీల అన్న మల్లేశం. సుమోలో పాట, నోట్లో ముచ్చట లేకుండా ఫర్లాంగు దూరం పోని మనిషి. ఇవాళ క్యాసెట్ పెట్టలేదు. అద్దంలోంచి చెల్లెలి వైపు చూసి, ఆమె చూడగానే కళ్ళు రోడ్డు మీదికి తిప్పుకుంటున్నాడు.

సుశీలకు గుబులుగా ఉంది. ఆ గుబులు ఈ మలుపు దగ్గర మొదలైంది కాదు, ఇంటి గడప దగ్గరే మొదలైంది. జనార్ధన్ తాళం వేస్తుంటే పక్కింటి రుక్కమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చింది.

"పోతున్నం అత్తా" అన్నాడతను.

"అట్లనొద్దు బిడ్డా. పోయొస్తం అనాలె."

చచ్చినవాళ్ళు పోతారు, బతికున్నవాళ్ళు పోయొస్తారు. సందు చివరికి పాలప్యాకెట్ కోసం పోయేవాడు కూడా ఆ ముక్క అనకుండా గడప దిగడు. జనార్ధన్ నవ్వాడు. తాళం గట్టిగా పడిందో లేదో లాగి చూసుకున్నాడు. ఆ మాట మాత్రం అనలేదు.

వినపడలేదేమో అనుకుంది సుశీల. కాసేపటికి, తనే తప్పు విన్నదేమో అనుకుంది. ఏది జరిగినా ముందు తన మీద అనుమానపడటం ఆమెకు అలవాటు. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్ళి చేసి పంపించారు. తెలియని సంగతి ఎదురైనప్పుడల్లా, ఇది ఆ మిగిలిపోయిన పాఠాల్లో ఉండే ఉంటుందనిపిస్తుంది. మొన్నటికి మొన్న, ఆ దేశం పోవాలంటే పిల్లలకు ఎల్లో ఫీవరు సూది, అదే పచ్చజ్వరం సూది వేయించాలని జనార్ధన్ చెప్పాడు. పచ్చజ్వరమంటే పచ్చకామెర్లనుకుంది. సూదికి ముందే కాస్త బలం ఉంటుందని పిల్లలిద్దరినీ పసరు పోసే అతని దగ్గరికి తీసుకుపోయి చేదు మింగించింది, పథ్యమని ఉప్పులేని అన్నం పెట్టింది. సంగతి తెలిశాక జనార్ధన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. రాత్రి మాత్రం నిద్రపోతున్న పిల్లల నుదుళ్ళు పదేపదే తడిమి చూసుకుంది.

"అమ్మా, ఆడ సింహాలు రోడ్డు మీదికొస్తయా?" అడిగాడు కొడుకు అన్వేష్.

"వస్తె మీ నాయిన లేడా, పట్టుకుంటడు."

"నాయినకు కోళ్ళను పట్టుడే వస్తది."

వేరే రోజైతే ఆ మాటకు మల్లేశం స్టీరింగు మీద చెయ్యేసి కొట్టి నవ్వేవాడు. ఇవాళ గేరు మార్చాడు.

షామీర్‌పేట చెరువు కనబడింది. ఆదివారం కాబట్టి కట్ట పొడుగునా కార్లు, బిర్యానీ పొట్లాలు విప్పుకుంటున్న కుటుంబాలు. ఆ గోల దాటి కొంచెం ముందుకు పోయి, కట్టమైసమ్మ గుడి పక్కన వేపచెట్టు నీడలో మల్లేశం బండి ఆపాడు. గుడి అంటే పెద్దదేం కాదు. సున్నం వేసిన గూడు, లోపల పసుపూ కుంకుమా పూసి వెండి కళ్ళు పెట్టిన రాయి, ముందు ఎండిపోయిన నిమ్మకాయల దండ. చెట్టు మొదట్లో గండయ్య కూర్చుని ఉన్నాడు. మల్లేశం ఊళ్ళో మూడు తరాల పిల్లలకు పుట్టెంట్రుకలు తీసిన మంగలి. అతని ముందు కత్తెర, చెంబు, మడత విప్పని తెల్లగుడ్డ. పక్కన కాళ్ళు కట్టేసిన ఎర్ర నాటుకోడి. వేల కోళ్ళు పెంచిన ఇల్లయినా సరే, అమ్మవారి ముందుకు ఫారం కోడిని తెచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆ కోడిని చూడగానే సుశీలకు అర్థమైంది. ఆమె చెయ్యి దానంతటదే కూతురు భవిత తల మీదికి పోయింది.

భవిత ఇంకా నెలల పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి ఫిట్స్ కొట్టింది. ఆటోలో పట్నం ఆసుపత్రికి పరుగెత్తుతూ ఇదే కట్ట దాటుతున్నప్పుడు సుశీల కిటికీలోంచే మొక్కుకుంది. తల్లీ, దీన్ని నాకియ్యి, దీని ఎంట్రుకలు నీ ముందరనే తీయిస్త. పిల్ల దక్కింది. జుట్టు పెరిగి భుజాలు దాటింది, మొక్కు అట్లాగే ఉండిపోయింది. మొదట్లో మేనమామ ఊళ్ళో లేడంది, తరవాత శూన్యమాసమంది, ఆ తరవాత పిల్లకు జలుబంది. ఆఫ్రికా మాట వచ్చాక సాకులు కూడా చెప్పలేదు, ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఎవరికీ చెప్పలేదు.

"ఏందిది?" అంది బండి దిగకుండానే.

"మొక్కు గదనే" అన్నాడు జనార్ధన్. "తీర్చుకొనే పోదాం. మొక్కు మీద పెట్టుకొని సముద్రం దాటుడు మంచిదా, నువ్వే చెప్పు."

మాట తీయగానే ఉంది. అత్తగారు బతికుంటే ఈ మాటే అనేది. సుశీలకు మాత్రం తీపి వెనక ఏదో తగిలింది.

"అన్నా, నీకు ముందే ఎర్కేనా?"

మల్లేశం తలగీరుకున్నాడు. "మొన్ననే చెప్పిండు బావ. నీకు చెప్పొద్దన్నడు. ఒక్కసారే చూసి సంతోషపడ్తవని."

"సంతోషపడ్డట్టు కనబడ్తున్ననా?"

మల్లేశం పిల్లల్ని దించాడు. భవిత తిన్నగా కోడి దగ్గరికి పోయి దాని ముందు గొంతుక్కూర్చుంది. "మామా, ఇది గూడ మనతోని ఇమానం ఎక్కుతదా?"

"దానికి పాస్‌పోర్టు లేదు బిడ్డా" అన్నాడు మల్లేశం, అటు తిరిగి.

ఆ మాటతో సుశీలకు దారి దొరికింది. "పాస్‌పోర్టు ఫోటోల బిడ్డకు రెండు పిలకలున్నయి. గుండుతోని పోతె ఏరోడ్రంల ఆపుతరు. గీ పిల్ల గా పిల్ల కాదంటరు."

గండయ్య చెంబులో నీళ్ళు చూసుకుంటూ తాపీగా అన్నాడు. "అట్లయితె తిరుపతి పోయొచ్చినోన్ని ఎవ్వన్నీ ఇమానం ఎక్కనియ్యరమ్మా."

జనార్ధన్ నవ్వాడు, మల్లేశం నవ్వాడు, అర్థం కాకపోయినా అన్వేష్ కూడా నవ్వాడు. ఆమె సాకు అక్కడే నీళ్ళపాలైంది. సుశీల నవ్వలేదు. బండి దిగి, పచ్చడి సంచి సీటు మీద పెట్టి, "ఒక్కపారి ఇటు రా" అని భర్తను పిలిచి కట్ట అంచుకు నడిచింది.

చెరువు నిండుగా ఉంది. గాలికి చిన్న అలలు రాతికట్టకు కొట్టుకుంటున్నాయి.

"పొద్దుగాల రుక్కమ్మత్త దిద్ది చెప్పినా నువ్వు ఆ మాట అనలె."

"ఏ మాట?"

"పోయొస్తం."

"మాటల ఏమున్నదే."

"ఏం లేకుంటె అను మరి."

జనార్ధన్ చెరువు వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జల్దీ కానియ్యాలె, లేటయితది అన్నాడు. ఆమె కదలలేదు.

"సుశీలా, ఎండాకాలంల ఒకనాడు నేను తినకుంట పండుకున్న. యాదికుందా?"

"వడదెబ్బ తాకిందన్నవ్. ఉల్లిగడ్డ రసం పూసిన."

"వడదెబ్బ కాదది."

అప్పటికి వాళ్ళ కోళ్ళషెడ్లు పోయాయి. అన్నదమ్ములంతా కూర్చుని సంతకాలు పెట్టారు, భూమి ప్లాట్లు కోసి అమ్మే వెంచరు వాళ్ళ చేతికి పోయింది. కోళ్ళు కూసిన చోట తెల్లరాళ్ళు పాతారు, రోడ్డు మీద కమాను కట్టి రంగు వేశారు. హద్దులన్నీ తెలిసిన మనిషని వెంచరు వాళ్ళు జనార్ధన్‌నే అక్కడ చూసుకోమన్నారు. నీడకు ఒక కుర్చీ ఇచ్చారు. సుశీలకు తెలిసింది ఇంతవరకే.

"ఒక ఆంధ్రా ఆయన వచ్చిండు, ప్లాటు చూస్తందుకు. గోపాలరావు అని పేరు చెప్పిండు. పెండ్లాము, ఒక చిన్నపిల్ల. మస్తు ఎండ. 'ఏవోయ్ వాచ్‌మేన్, పాప దాహం అంటోంది, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా' అన్నడు." జనార్ధన్ ఆ మాటను అచ్చం ఆయన యాసలోనే అన్నాడు. ఎన్నిసార్లు మనసులో అనుకుని ఉంటే అంత బాగా పట్టుబడుతుందో. "తెచ్చిచ్చిన. మన బోరు నీళ్ళే. మా నాయిన ఏయించిన బోరు. ఆ పిల్ల తాగింది, థాంక్యూ అంకుల్ అన్నది. మంచోళ్ళే పాపం. వాళ్ళ తప్పు ఇంతంత లేదు."

అతను కాలితో ఒక గులకరాయిని నీళ్ళలోకి తోశాడు.

"నా జాగల నేను నీళ్ళు మోసిన. ఆ కమాను కింద నిలబడ్డ రోజు నుంచి నాకు అన్నం సయించలె. ఆడ, ఆ దేశంల, నేనెవరో ఎవ్వలకు ఎర్కలేదు. ఎర్కలేని కాడ నీళ్ళు మోస్తె అది పని. ఎర్కున్న కాడ మోస్తె వేరే."

"రెండేండ్లన్నవ్ నాతోని."

"అన్న. రెండేండ్లు అనకుంటె నువ్వు బండి ఎక్కుతవా?"

కట్ట మీద పిల్లలెవరో గాలిపటం కోసం ఏడుస్తున్నారు. ఎవరిదో కారు తలుపు తెరిచి ఉంది, లోపల్నుంచి రేడియోలో ప్రకటనలు వినిపిస్తున్నాయి. సుశీలకు కోపం రావాల్సిన చోట ఆ రోజు గుర్తుకొచ్చింది. ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాస్తుంటే అతను మొహం గోడ వైపు తిప్పుకోవడం, ఎండ దెబ్బకు కళ్ళు మండుతున్నాయేమో అనుకుని తను దీపం ఆర్పేయడం. పక్కనే పడుకున్న మనిషి మొహం చదవలేకపోయింది. ఇదీ ఆ మిగిలిపోయిన పాఠాల్లోదేనా?

"ఆనాడే నాకు చెప్పకపోతివి."

"చెప్తె ఏం జేస్తుంటివి?"

"ఏం జేస్తుంటినో. నేను గూడ ఓ బిందె మోస్తుంటి నీతోని."

జనార్ధన్ ఆమె వైపు తిరిగాడు.

"నేను రానన్ననా?" అంది సుశీల. "నువ్వు యాడుంటె ఆడనే. పిల్లలకు పసరు పోసిన, సూదులు పొడిపించిన, దోమతెరలు కుట్టిన, మామిడికాయ పెట్టిన. రానిదాన్నయితె ఇవన్ని ఎందుకు చేస్త? కాని మొక్కు మాత్రం ఇయ్యాల తీరదు."

"ఎందుకు తీరదే? అదే నాకు సమజయితలేదు."

ఆమె గొంతు తగ్గించింది. గూట్లో ఉన్న రాయికి వినపడకూడదన్నట్టు. "తీరని మొక్కు ఉన్నోళ్ళను తల్లి ఇడ్సిపెట్టదు. యాడున్నా గుంజుకుంటది. అందుకే ఉంచిన. మనం యాడికి పోయినా బిడ్డ ఎంట్రుకలు పట్టుకొని గీ కట్ట మీదికి తెస్తదని."

"అంటె నాకు తెల్వకుంట తాడు కట్టినవ్."

"నువ్వు నాకు తెల్వకుంట తెంపుతున్నవ్."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తొమ్మిదేళ్ళ కాపురంలో చీర రంగు గురించి, చారులో ఉప్పు గురించి, అన్నదమ్ముల గురించి ఎన్నో కొట్లాటలు జరిగాయి. ఇట్లా ఒకరి చేతిలో ఒకరు దొరికిపోయిన రోజు మాత్రం ఇదే.

వేపచెట్టు కింద గండయ్య భవితను మల్లేశం ఒడిలో కూర్చోబెట్టించి జుట్టు తడుపుతున్నాడు. చల్లటి నీళ్ళు మెడ మీద జారుతుంటే పిల్ల కితకితలు పెట్టినట్టు మెలికలు తిరుగుతోంది. మొదటి కత్తెర మేనమామది కాబట్టి కత్తెర మల్లేశం చేతిలో ఉంది. అతను దాన్ని కాస్త దూరంగా, కొరివి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అమ్మా, లేటయితాంది" అని కేక పెట్టాడు అన్వేష్.

సుశీల భర్త చెయ్యి పట్టుకుంది. పదిమందిలో ఆమె అట్లా పట్టుకోవడం అదే మొదలు. "ఇగో, ఒక్క మాటకు కట్టుబడ్త. నాకు చెప్పకు. నాకు రెండేండ్లని చెప్పినవ్, నేను నమ్మిన, అయిపోయింది. ఆమెకు చెప్పు. ఆమె ముందర నిలబడి పోయొస్తం తల్లీ అను. ఎన్నడొస్తమో చెప్పకు, ముసలోళ్ళమై వచ్చినా సరే. అను. అంటె నేనే దగ్గరుండి ఎంట్రుకలు తీయిస్త. తాడు అక్కరలేదు ఇగ."

"అనకుంటె?"

"అనకుంటె బిడ్డ తలమీద కత్తెర పడనియ్య. పోతె ఎంట్రుకలతోనే పోతం."

జనార్ధన్ గూడు వైపు చూశాడు. సుశీలకు తెలుసు, అడగకూడని చోట అడిగింది. ఈ మనిషి పెళ్ళానికి అబద్ధం చెప్పగలడు, అన్నలకు చెప్పగలడు, సేటుకు ఫోనులో ఇంగ్లీషు వచ్చునని కూడా చెప్పాడు. మైసమ్మకు చెప్పలేడు. షెడ్లలో తెగులు వచ్చి కోళ్ళు రాలిపోయిన ఏడు కూడా, అమ్మా నీకు చేసుకోలేను వచ్చే ఏడు చూస్తానని ఈ రాయి ముందు నిలబడి ఒప్పుకుని వచ్చిన మనిషి.

అతను చెయ్యి విడిపించుకున్నాడు. చెప్పులు విడిచాడు. ఎండకు కాలిన బండల మీద నడుచుకుంటూ పోయి గూడు ముందు నిలబడ్డాడు.

చాలాసేపు నిలబడ్డాడు. బిర్యానీ తింటున్నవాళ్ళలో ఒకావిడ తిరిగి చూసింది. గండయ్య చెయ్యి ఆగిపోయింది. కాళ్ళు కట్టేసిన కోడి కూడా, భవిత దువ్విన దువ్వుడుకో ఏమో, కళ్ళు మూసుకుని ఊరుకుంది. సుశీల చప్పుడు కాకుండా అతని వెనక్కి చేరింది. అతని భుజం పక్కనుంచి మైసమ్మ వెండి కళ్ళు కనబడుతున్నాయి. తల్లీ, అనిపియ్యి, అనుకుంది. అనిపిస్తే అది అబద్ధం కాకుండా చూడు.

కరీంనగర్ రోడ్డు మీద లారీ ఒకటి పొడుగ్గా హారను కొట్టింది. సరిగ్గా అప్పుడే జనార్ధన్ పెదవులు కదిలాయి.

"పోయొస్త తల్లీ."

సుశీల గుండె ఒక్కసారి తేలికైంది. అన్నాడు. నోరు తెరిచి అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది, కళ్ళు మూసుకుంది. మూసుకున్న కళ్ళ వెనక ఆ మాట ఇంకొకసారి వినిపించింది, ఈసారి లారీ హారను లేకుండా.

ఏడో తరగతిలో డిక్టేషను చెప్పే టీచరమ్మ సుశీల నోటుబుక్కును అందరికీ ఎత్తి చూపించేది. ఇగో చూడుండ్రి, ఈమె మల్ల సున్న మింగింది. వస్తం అంటే వస్త అని రాసేది, పోతం అంటే పోత అని రాసేది. ఆ సున్న ఒక్కటీ ఎక్కడికి పోయేదో ఆమెకే తెలిసేది కాదు. చిన్న గుండ్రటి సున్న. అది ఉంటే ఇంటిల్లిపాదీ. లేకపోతే ఒక్కడే.

ఆమె కళ్ళు తెరిచేసరికి జనార్ధన్ అక్కడ లేడు.

"అన్నా" అంది, మల్లేశం వైపు తిరిగి. "ఆయన ఏమన్నడు?"

"పోయొస్త అన్నడు గద. మంచిగనే అన్నడు." మల్లేశం మొహం విప్పారి ఉంది. "ఇగ కూసో చెల్లె, ముహూర్తం బాగుంది."

"పోయొస్త అన్నడా, పోయొస్తం అన్నడా?"

"ఏదైతేంది? అన్నడు గద." అన్నాడు మల్లేశం. అన్నాక, తన నోటి మాట తనకే వినపడినట్టు ఆగాడు.

"కానియ్యాల్నా అమ్మా?" అన్నాడు గండయ్య. "పిల్ల తల ఆరిపోతాంది."

మాట ఇచ్చింది సుశీల. అంటే తీయిస్తానంది. అన్నాడని తీయించాలా, ఏమన్నాడో తెలియలేదని ఆపాలా? లారీ మోతలో తనే తప్పు విన్నదా? పచ్చజ్వరాన్ని పచ్చకామెర్లని విన్న చెవులే కదా ఇవి. వెళ్ళి అడిగేస్తే అయిపోతుంది. ఆమె భర్త కోసం చుట్టూ చూసింది.

జనార్ధన్ సుమో వెనక నిచ్చెన ఎక్కి కారియర్ మీద ఉన్నాడు. పొద్దున మల్లేశంతో కలిసి బిగించిన తాడు విప్పుతున్నాడు. దోమతెరల మూట పక్కకు జరిపాడు. పిల్లల బట్టల పెట్టె జరిపాడు. అడుగునుంచి నల్లపెట్టె బయటికి లాగి, మెల్లగా కిందికి జార్చి రోడ్డు పక్కన నిలబెట్టాడు. దాని మీద అన్వేష్ తెల్లరంగుతో రాసిన పేరు ఉంది. జనార్ధన్ అని, ఒక్క పేరే.

"నాయినా, గదొక్కటే ఎందుకు దించినవ్?" అని అడుగుతున్నాడు అన్వేష్.

మల్లేశం చేతిలో కత్తెర నోరు తెరుచుకుని అట్లాగే ఉంది. సుశీల వంగి, భవిత తడిజుట్టు రెండు చేతులా ముడిలా పట్టుకుంది. దూరంగా మలుపులో సికింద్రాబాదు బస్సు వస్తోంది. జనార్ధన్ మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మిగిలిన పెట్టెలకు తాడు మళ్ళీ గట్టిగా బిగిస్తున్నాడు.